గంగాళం కింద ఆకు

మా తమ్ముడి మనవరాలు మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి వచ్చింది. ఓ పక్క బడిలో పిల్లలకు చదువు చెబుతూ ఇంకో పక్క ఎం.ఇడి. చదువుతోంది. ఇప్పటి పద్ధతిలో పరిశోధనకి ఎక్కడికో పోనక్కరలేదట. తన తరగతిలోనే, తన పిల్లల్నే అడిగి, తన పని తనే పరీక్షించుకోవాలట. ఆ పిల్ల ఎంచుకున్న ప్రశ్న, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం పిల్లలు ఎందుకు వదిలేస్తున్నారన్నది. "అందర్నీ విడివిడిగా అడిగాను మామ్మా. సాంబారు బాగోలేదని అందరూ ఒకే మాట చెప్పారు. పిల్లలే చెప్పాక ఇంక అనుమానం ఏముంది?" అంది సంతోషంగా. తరవాత ఫోను నా ముందు బల్ల మీద పెట్టి, రికార్డు నొక్కి, "ఇప్పుడు మీ కాలం సంగతి చెప్పండి. మీరు బడిలో తినేవారా?" అని అడిగింది. కాఫీ చల్లారిపోతోంది, ముందు అది తాగమన్నాను. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ప్రశ్నకి ఇంకాస్త నిటారుగా కూర్చున్నానని నాకే తెలిసింది.

మాది భీమవరానికి దగ్గర్లో కాలవ గట్టు మీద ఊరు. ఇప్పుడక్కడ ఎటు చూసినా చేపల చెరువులే గానీ, నేను చెప్పే డెబ్బైల నాటికి అంతా వరి. ఆ వరిలో చాలా భాగం ఒకప్పుడు మాదే. మా ఇంటిని పెద్దిల్లు అనేవారు. దాయాదులతో కోర్టు తగువులు మా తాతగారి హయాంలో మొదలై, ఆయన పోయాక మా నాన్నగారికి సంక్రమించాయి. పొలం సంక్రమించలేదు. నాన్నగారు వాయిదాకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ మడత నలగకుండా బస్సులో నిలబడే వెళ్ళేవారట. ఇంట్లో ధాన్యం గది ఖాళీ అయి ఏళ్ళు గడిచినా మా నాయనమ్మ ఆ గదికి రోజూ సాయంత్రం తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. ఎలకలు కూడా ఆ గది వదిలి పక్కింటికి వెళ్ళిపోయాయి గానీ తాళం మాత్రం మానలేదు. ఆ తాళం వేసిన చప్పుడు వింటేనే ఆవిడకి నిద్ర పట్టేదనుకుంటాను.

చప్పుళ్ళంటే మా నాయనమ్మకి చాలా పట్టింపు. మా ఇంట్లో పొయ్యి సాయంత్రమే వెలిగేది. పొద్దున్న చద్దన్నం. మధ్యాహ్నానికి ఏమీ ఉండేది కాదు. అయినా బడిలో గంట కొట్టగానే నేను భోజనానికి ఇంటికి రావాలి. పెద్దింటి పిల్ల బడిలో ఆకు ముందు కూర్చోకూడదు. నేను వచ్చి పీట వాల్చుకునేదాన్ని. నాయనమ్మ కంచం పెట్టి, గరిటెతో ఖాళీ గిన్నె అంచు మీద రెండు మాట్లు గట్టిగా కొట్టి, "ఇంకాస్త వేయించుకోవే, అలా తింటే ఎలా?" అని పక్కింటి గోడకేసి అనేది. నేను పల్చటి మజ్జిగ తాగి పెరట్లోకి వెళ్ళేదాన్ని. అక్కడ గోళెంలో చెంబు ముంచి, చేతులు చాలాసేపు కడుక్కోవాలి. నీళ్ళు పైనుంచి పోస్తే చప్పుడు బాగా వస్తుందని ఆవిడే నేర్పింది. భోంచేసిన చెయ్యి కడిగిన చప్పుడూ, ఊరికే కడిగిన చప్పుడూ వేరుగా ఉంటాయని ఆవిడ నమ్మకం. నాకు ఆ విద్య త్వరగానే పట్టుబడింది.

బడిలో మధ్యాహ్నం ఉప్మా పెట్టేవారు. పై దేశం నుంచి ఓడల్లో వచ్చేదని చెప్పుకునే పసుపుపచ్చని రవ్వా, డబ్బాల్లో వచ్చే నూనే. బడి వెనక తాటాకుల పాకలో వంటామె ఆ నూనెలో ఆవాలూ మిరపకాయలూ వేసేసరికి వాసన కాలవ అవతలి గట్టుకి కూడా చేరేది. అప్పటికి మేము లెక్కల్లో ఉండేవాళ్ళం. ఆ వాసనలో చేసిన భాగహారాలు నాకు ఏ రోజూ సరిగ్గా రాలేదు. పిల్లలంతా బాదం ఆకులు పరుచుకుని వరసగా కూర్చునేవారు. నేను వాళ్ళ ముందునుంచి, తల తిప్పకుండా, ఇంటికి నడిచేదాన్ని. వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిలిచినట్టే "అమ్మాయిగారు" అనేవారు. తరగతిలో వాళ్ళు చాపల మీద కూర్చుంటే నేను మా ఇంటి నుంచి తెచ్చుకున్న పీట మీద కూర్చునేదాన్ని.

చేతులు కడిగే కార్యక్రమం ఎంతసేపని సాగుతుంది? నేను తిరిగి వచ్చేసరికి పిల్లలు బడి ముందు దుమ్ములో ఆడుకుంటూ ఉండేవారు. వంటామె గరిటెలు తోమడానికి కాలవ రేవుకి వెళ్ళేది. పాకలో ఉప్మా గంగాళం బోర్లించి ఉండేది. ఒకరోజు దాహం వేసి మంచినీళ్ళ కుండ కోసం పాకలోకి వెళ్తే, గంగాళం అంచు కింద నుంచి బాదం ఆకు కొస కనిపించింది. ఎత్తి చూశాను. ఆకు నిండా ఉప్మా, పైన ఇంకో ఆకు కప్పి ఉంది. ఇంకా వేడిగానే ఉంది. వంటామె మరిచిపోయిందనుకున్నాను. తాటాకుల చాటున నిలబడి, తడికలోంచి బయటికి చూస్తూ తినేశాను. మర్నాడు కూడా మరిచిపోయింది. ఆ మర్నాడూ అంతే. అంత మరుపు ఎవరికి ఉంటుందని నేను ఆలోచించలేదు. నేను దొంగతనం చేస్తున్నాననీ, చాలా తెలివిగా చేస్తున్నాననీ అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, ఆ ఊహ నాకు బాగానే ఉండేది. దొంగతనమైతే మన చేత్తో మనం తీసుకున్నది. ఒకరు పెట్టింది కాదు.

ఆ ఏడాదే మా బడికి కొత్తగా ఒక టీచరుగారు వచ్చారు. చిన్నావిడ. రాజమండ్రిలో పైచదువు చదువుతూ, దానికోసం పిల్లల మీద ఏదో రాస్తున్నారని పెద్ద మాస్టారు చెప్పారు. ఆవిడ వచ్చిన మొదటివారమే కుర్చీ గోడవారగా జరిపించి మా మధ్య నేల మీద కూర్చున్నారు. నా పీట ఒక్కటే ఆవిడకన్నా ఎత్తుగా ఉండి నాకు ఎటు చూడాలో తెలియలేదు. "పిల్లల గురించి పెద్దవాళ్ళు చాలా రాశారర్రా. పిల్లలేమంటారో ఎవరూ అడగలేదు. నేను అడుగుతాను, మీరు చెప్పండి. తప్పూ ఒప్పూ ఏమీ లేదు," అనేవారు. మాకు అదంతా వింతగా ఉండేది. బెత్తం లేకుండా అడిగితే ఏం చెప్పాలో మాలో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం పెద్ద మాస్టారు దేనికో పాకలోకి వెళ్ళి గంగాళం కింద ఆకు చూశారు. నేను అప్పటికి ఇంకా ఇంటి నుంచి రాలేదు. వచ్చేసరికి వంటామె రేవు నుంచి తడి గరిటెలతో వచ్చి తల వంచుకుని నిలబడి ఉంది. "ఇంటికి పట్టుకెళ్ళడానికి దాచావా?" అంటున్నారాయన. "ఏదో మిగిలిందండి," అంది.  ఆమెకి భర్త లేడు. ఆ పని పోతే ఏం చేస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు. అప్పుడు టీచరుగారు అడ్డొచ్చి, "ఆవిణ్ణి అనేముందు తిన్నవాళ్ళని అడుగుదామండి. ఎందుకు మిగులుతోందో వాళ్ళే చెప్తారు," అన్నారు. పెద్ద మాస్టారు నవ్వి, "పిల్లల్నేం అడుగుతారమ్మా!" అన్నారు గానీ, ఒప్పుకున్నారు.

టీచరుగారు ఒక కుండ తెప్పించి, మూతికి గుడ్డ కట్టి, చెయ్యి పట్టేంత చిరుగు పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక చింతపిక్క, ఒక గులకరాయి ఇచ్చారు. ఉప్మా బాగుంటే చింతపిక్క వెయ్యాలి. బాగోలేక వదిలేస్తుంటే గులకరాయి వెయ్యాలి. ఎవరు ఏది వేశారో ఎవరికీ తెలియదు. నా దగ్గరికి వచ్చేసరికి, "నువ్వు ఇంట్లో తింటావుగా అమ్మా. ఈ లెక్కలోకి నువ్వు రావు," అన్నారు. నేను పీట మీద నిటారుగా కూర్చుని గర్వంగా తలూపాను. ముందు వెళ్ళినవాళ్ళు వరసలో వెనక ఉన్నవాళ్ళ వంక చూస్తున్నారు. మా పాత పాలేరు కూతురు, నాకన్నా ఏడాది పెద్ద, అందరికన్నా వెనక నిలబడి ఒక్కొక్కరినీ కళ్ళతోనే పంపిస్తోంది. కుండ బోర్లిస్తే అన్నీ గులకరాళ్ళే. రోజూ అడిగి మరీ మారు వడ్డించుకుని, ఆకు కూడా నాకేసే బోండాం లాంటి కుర్రాడు ఒకడుండేవాడు. వాడూ గులకరాయే వేశాడు.

టీచరుగారి మొహం వెలిగిపోయింది. "ఏం బాగోదర్రా? చెప్పండి, చెప్పండి," అన్నారు. ఇక పిల్లలకి గొంతు లేచింది. "అడుగంటుద్దండి." "రాళ్ళు తగుల్తాయండి." "ఉప్పు సరిపోదండి." "నాకైతే సయించదండి, చూడ్డానికే భయమేసుద్దండి," అని ఆ బోండాం కుర్రాడు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. వంటామె పాక గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె ఏమీ అనకపోవడం నాకు అప్పుడు తప్పు ఒప్పుకున్నట్టే కనిపించింది. నేను మాత్రం, ఇంత తిండి తిని అబద్ధాలాడుతున్నారు, వీళ్ళ బుద్ధులు ఇంతే అనుకున్నాను. మా నాయనమ్మ గొంతుతోనే అనుకున్నాను.

ఆ లెక్క చూసి పెద్ద మాస్టారు ఇంకో రకంగా తీర్మానించారు. "అయితే దొంగ కాదు. వంట చేతకానిది. రేపు మధ్యాహ్నం నేనే వచ్చి చూస్తాను. పిల్లలింతలా ఏడుస్తుంటే ఇంకో మనిషిని పెట్టుకుందాం," అన్నారు. టీచరుగారు అది ఊహించలేదు. "నేను దానికోసం అడగలేదండీ," అన్నారు. "మీరేగా పిల్లలు చెప్పిందే నిజమన్నారు," అన్నారాయన. 

సాయంత్రం కాలవ గట్టు మీద నేను ఇంటికి వెళ్తుంటే వెనక నుంచి పరుగు వినిపించింది. పాలేరు కూతురు. ఎప్పటిలాగే నాకు ఓ బారెడు దూరంలో ఆగింది.

"అమ్మాయిగారండీ, ఓ మాటండి."

"ఏంటి?"

"రేపు మధ్యాహ్నం మీరు ఇంటికెళ్ళకండి. మాతో పాటు కూర్చోండి."

"మేము బడిలో తినం."

"ఆయ్, తెలుసండి. తినరు. ఊరికే కూర్చుని, బాగుందని ఓ మాట అంటే సరిపోద్దండి. మీరంటే పెద్ద మాస్టారు నమ్ముతారు. లేకపోతే అత్తని తీసేత్తారండి."

వంటామెని పిల్లలంతా అత్తా అనే పిలిచేవారు. నాకు కోపం వచ్చింది. "అబద్ధం చెప్పింది మీరు. వెళ్ళి నిజం మీరే చెప్పుకోండి," అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు కాలి బొటనవేలితో గట్టు మట్టి గీసింది. తరవాత తలెత్తి, చాలా మర్యాదగా, "నిజమంటే ఏం చెప్పమంటారండి? ఆకు ఎవరికని చెప్పమంటారు?" అంది.

ఆ చూపులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది. తిట్టి వెళ్ళిపోయేదాన్ని. కాలవలో నీళ్ళు పోతున్నాయి, అవతలి గట్టు మీద గేదెలు పోతున్నాయి. నేను ఎటూ పోలేక అక్కడే నిలబడ్డాను. రోజూ అందరూ ఎందుకు బడి ముందువైపే ఆడుకునేవారో, ఎంత ఎండలోనూ పాక నీడలోకి ఒక్కరూ ఎందుకు వచ్చేవారు కాదో, దాహమైనా నేను బయటికొచ్చేదాకా కుండ దగ్గరికి ఎందుకు వెళ్ళేవారు కాదో అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. ఆ బోండాం కుర్రాడికి కూడా తెలుసు. "మేం ఎవరికీ చెప్పమండి," అని ఆ అమ్మాయి నాకు ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది. నేను దొంగని కానని తెలిసిన సాయంత్రం అది. అంత అవమానం నాకు అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

మర్నాడు గంట కొట్టాక నేను ఇంటికి వెళ్ళలేదు. నేల మీద కూర్చుందామనే వెళ్ళాను. నాకన్నా ముందే ఎవరో తరగతిలోంచి నా పీట తెచ్చి వరస మొదట్లో వేసి ఉంచారు. దాని ముందు పెద్ద ఆకు, కడిగినది. నేను పీట మీద కూర్చున్నాను. పక్కవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు. వంటామె నాకే మొదట వడ్డించింది.

పెద్ద మాస్టారు వచ్చి నన్ను చూసి ఆగిపోయారు. చిన్నప్పుడు ఆయన మా ఇంట్లో అన్నం తిని చదువుకున్నారు. ఆ మాట ఆయనే నలుగురిలోనూ చెప్పుకునేవారు. "ఏంటమ్మా, నువ్వు ఇక్కడ..." అని టీచరుగారి వైపు చూశారు. అందరూ ఆగి నా మొహం వంకే చూస్తున్నారు. నేను తయారుచేసుకున్న మాట ఏదీ లేదు. నోట్లోంచి మా నాయనమ్మ గొంతు దానంతటదే వచ్చింది.

"రుచి చూస్తున్నానండి. వీళ్ళు బాగోలేదన్నారు కదా."

నెమ్మదిగా తిన్నాను. ఆకలి మీద నెమ్మదిగా తినడం ఎంత కష్టమో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. రెండు మూడు ముద్దలు తిని, మిగిలింది ఆకులో వదిలేశాను. రుచి చూసేవాళ్ళు అలాగే వదిలేస్తారు. "ఉప్పు సరిపోయింది. రాళ్ళేం లేవు. బాగానే ఉందండి," అన్నాను. పెద్ద మాస్టారి మొహంలో బరువు దిగింది. "పెద్దింటి వంట తిన్న నోరు బాగుందన్నాక ఇంక పేచీ ఏముంది!" అని నవ్వారు. వరసలోంచి పాలేరు కూతురు అందుకుని, "ఆయ్, మా అమ్మాయిగారు రుచి చూసి మరీ చెప్పారండి. మాదే తప్పండి," అంది. మిగిలినవాళ్ళు బుద్ధిగా తలలూపి, ఆకుల మీద పడ్డారు. వంటామె పని నిలిచింది. చేసింది ఆ పిల్లలు. మర్యాద మాత్రం నాకు దక్కింది, అదీ వాళ్ళు పెట్టిందే.

టీచరుగారు నవ్వలేదు. నా ఆకులో మిగిలిన ఉప్మా వంకా, ఇంకా ఆకు అంచు వదలని నా చేతి వంకా చూశారు.  ఆ మధ్యాహ్నం కుండలో గులకరాళ్ళు తీసుకెళ్ళి కాలవ గట్టు మీద పారబోసి వచ్చి, మా మధ్య కూర్చుని, ఎవరినీ చూడకుండా, "నేను అడగాల్సింది ఆ ప్రశ్న కాదర్రా," అన్నారు.  తరవాత ఆవిడ తన పరిశోధనలో ఏం రాశారో నాకు తెలియదు. వేసవి తరవాత బదిలీ మీద వెళ్ళిపోయారు.

ఇంతవరకూ చెప్పింది ఎవరికైనా చెప్పుకోవచ్చు. తరవాతిదే చెప్పుకోలేనిది. ఆ మర్నాటి నుంచి నేను మళ్ళీ గంట కొట్టగానే ఇంటికి నడిచాను. మజ్జిగ తాగి, చేతులు కడిగి, తిరిగి వచ్చాను. పాకలో గంగాళం బోర్లించి ఉంది. దాని కింద ఆకు కొస కనిపిస్తోంది. పిల్లలు బడి ముందువైపే ఆడుకుంటున్నారు, కాస్త ఎక్కువ అరుస్తూ. నేను పాకలోకి వెళ్ళలేదు. ఆకలి తగ్గిందని కాదు. అది నాకోసమే పెట్టిందని తెలిశాక చెయ్యి వెళ్ళలేదు. సాయంత్రానికి ఆ ఆకుకి చీమలు పట్టాయి. పాలేరు కూతురు వెళ్ళి దాన్ని తీసి, కాలవలో చేపలకి వేసింది. మర్నాడు మళ్ళీ ఆకు పెట్టారు. బడికి వేసవి సెలవులిచ్చేదాకా పెడుతూనే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా, ఎందుకు తినడం లేదని నన్ను అడగలేదు. నేను ఒక్కరోజైనా వెళ్ళి ఉంటే వాళ్ళు ఎంత సంతోషించేవారో అప్పుడూ తెలుసు. వెళ్ళలేదు.

చాలా ఏళ్ళ తరవాత భీమవరం బస్టాండులో ఆ అమ్మాయి కనిపించింది. ఐసు వ్యాపారం చేస్తున్నారట, మెడలో గొలుసూ అదీ బాగానే ఉంది. అంతమందిలోనూ నన్ను పోల్చుకుని, బారెడు దూరంలోనే ఆగి, "అమ్మాయిగారండీ, బాగున్నారా? భోజనం చేశారా?" అంది. మా వైపు ఎవరు కనిపించినా అడిగే మాటే. "అయిందండి," అన్నాను. ఆమెని అండి అనడం అదే మొదటిసారి. అయిందన్నది మాత్రం నిజం కాదు.

కాఫీ తాగడం అయిపోయింది. మనవరాలు కప్పు పక్కన పెట్టి ఫోను కాస్త నా దగ్గరికి జరిపింది. "చెప్పండి మామ్మా. బడిలో తినేవారా?"

"అందరూ ఒకే మాట చెప్పారన్నావుగా," అన్నాను. "వెళ్ళి మళ్ళీ అడుగు. ఈసారి బడిలో తినకుండా ఇంటికెళ్ళే పిల్లలెవరైనా ఉంటే వాళ్ళని అడుగు. నలుగురిలో అడక్కు."

"వాళ్ళు నా లెక్కలోకి రారు మామ్మా. తినేవాళ్ళ మీదే కదా నా ప్రశ్న."

"అయినా అడుగు."

ఎందుకని అడిగింది. నేను చెప్పలేదు. తెలివైన పిల్ల, ఆ మాట రాసుకుంది. "సరే, మీ సంగతి?" అంది. ఫోను మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. ఆ బడీ లేదు, పెద్ద మాస్టారూ లేరు, మా ఇల్లు పడగొట్టి తవ్విన చెరువులో ఎవరివో చేపలు పెరుగుతున్నాయి. ఎవరికి దాచాలి? నాలుగు మాటలు చెబితే ఆ పిల్ల చదువుకి పనికొచ్చేది. నేను వెన్ను సరిచేసుకున్నాను.

"మేము ఇంటికెళ్ళి తినేవాళ్ళమమ్మా," అన్నాను.

ఆ పిల్ల రికార్డు ఆపేసింది. నేను కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కున్నాను. అవసరమైన దానికన్నా చాలాసేపు కడుక్కున్నాను. ఆ చప్పుడు వినాల్సినవాళ్ళందర్నీ కాలం ఎప్పుడో తీసుకుపోయింది. చప్పుడు మాత్రం నా చేతులకే వదిలేసింది.